సిమెంటు గట్టిపడేలోగా

2025 మే 5, సోమవారం

మా అమ్మాయి రసజ్ఞ నాలుగో క్లాసు నోటుబుక్కులో వెనకవైపు ముప్పై పేజీల దాకా ఖాళీగా ఉన్నాయి. వాటిలో రాస్తున్నాను. మా ఆయనతో చెప్పబుద్ధి కాలేదు. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే మాత్రం రేపు డ్యూటీకి వెళ్ళలేను.

ఈ రోజు మొదటి కేసు సీతాబాయి. అరవై రెండేళ్ళు. కుడి మోకాలి మార్పిడి. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ గోడ పక్కన ఇస్త్రీ బండి పెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా నిలబడి నిలబడి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. టేబుల్ మీద పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "నెల రోజులల్ల నిలబడ్తనా బిడ్డా?" అని అడిగింది. నిలబడతావమ్మా అన్నాను. ఆపరేషన్ థియేటర్ నర్సుగా పదకొండేళ్ళ నుంచి అందరికీ అదే చెబుతున్నాను. ఎప్పుడూ మాట పోలేదు.

సిమెంటు దాకా అంతా బాగానే జరిగింది. ఎప్పటిలాగే నేనే కలిపాను. సర్జన్ ఉదయ్ భాస్కర్ సర్ కింది ఎముక మీద ప్లేటు కూర్చోబెట్టారు. పై ఎముకకి లోహపు తొడుగు పెట్టి సుత్తితో కొడుతున్నారు. ఇంకో మూడు మిల్లీమీటర్లు లోపలికి దిగాలి. దిగలేదు. ఇంకో దెబ్బ వేశారు. దిగలేదు. సర్ తలెత్తి నా వైపు చూశారు. నా చేతిలో ఉన్న మిగులు సిమెంటు ముద్ద అప్పటికే రాయిలా ఉంది. గడియారం చూస్తే, కలిపి ఏడు నిమిషాలు కూడా కాలేదు.

ఆ తొడుగుని ఎదురు కొట్టి ఊడదీసి, గట్టిపడిన సిమెంటుని ఉలితో చెక్కాల్సి వచ్చింది. చెక్కుతుంటే ఎముక అంచు చిట్లింది. అక్కడ స్క్రూ వేసి, పొడవాటి కాడ ఉన్న వేరే తొడుగు తెప్పించి పెట్టారు. గంటంబావులో ముగియాల్సింది మూడున్నర గంటలు పట్టింది.

సిమెంటు ప్యాకెట్టు నేను చేత్తో పట్టుకున్నాను. చల్లగానే ఉంది.

మే 6

సీతాబాయిని వార్డుకి మార్చారు. సర్ వెళ్తుంటే నేనూ వెనకాల వెళ్ళాను. నీ ఎముక మెత్తగా ఉందమ్మా, అందుకే ఆలస్యమైంది, రెండు నెలలు ఆ కాలి మీద పూర్తి బరువు వెయ్యకూడదు అని చెప్పారు. రెండు నెలలంటే బండి జాగాలో ఇంకొకరు వచ్చి కూర్చుంటారని ఆమె అంది. సర్ వైపు కాదు, నా వైపు చూసి అంది. నేను సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

సాయంత్రం రసజ్ఞ అడిగింది, ఎముకకి పెట్టే సిమెంటు మేడ కట్టే సిమెంటేనా అని. కాదు, పేరొక్కటే అదని చెప్పాను. ఒక పొడి, ఒక ఘాటు వాసనొచ్చే ద్రవం. రెండూ కలిపితే ముందు జావలా ఉంటుంది. తర్వాత చపాతీ పిండిలా అవుతుంది. గ్లౌజుకి అంటుకోవడం మానేసిందంటే ఎముకకి పూసే వేళ వచ్చినట్టు. ఆ తర్వాత దానంతట అదే వేడెక్కి రాయవుతుంది. మొత్తం పదకొండు పన్నెండు నిమిషాలు. వేడి వాతావరణంలో తొందరగా గట్టిపడుతుంది, చల్లగా ఉంటే నెమ్మదిగా.

"అయితే నిన్న మీ గది వేడిగా ఉందా?" అంది.

లేదు అన్నాను. నిన్న ఓటీలో ఇరవై ఒక్క డిగ్రీలు. గోడ మీద అంకె నాకు బాగా గుర్తుంది. అబద్ధం చెప్పలేదు.

మే 7

సిమెంటు బ్యాచ్‌లోనే లోపం ఉండి ఉంటుందని అందరూ అంటున్నారు. అయ్యుంటుంది.

మే 9

సిమెంటు కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. అదే బ్యాచ్ డబ్బా ఒకటి పక్క ఓటీ అలమరలోంచి తీయించి మా అందరి ముందూ కలిపాడు. పదకొండు నిమిషాల నలభై సెకన్లు. బ్యాచ్‌లో ఏ లోపమూ లేదు.

దాంతో మా నర్సింగ్ ఇన్‌చార్జ్ రత్నమాల మేడం ఎంక్వయిరీ మొదలుపెట్టారు. సోమవారం మా ఓటీ అలమరలో సిమెంటు అయిపోయింది. టెక్నీషియన్ నర్సింహ గారు స్టోరు రూములోంచి తెచ్చారు. రిపేరు కోసం స్టోరు ఏసీ శనివారం మధ్యాహ్నం ఆపారు. సోమవారం దాకా ఎవరూ వెయ్యలేదు. ఆ గదికి పడమటి వైపంతా అద్దాలే. మే నెల ఎండ. లోపల ముప్పై నాలుగు డిగ్రీలు దాటి ఉంటుందని లెక్క తేలింది.

వేడి డబ్బా ఎందుకు తెచ్చావని మేడం అడిగితే, "నేను సిస్టర్‌కు చెప్పిన మేడం" అన్నారు నర్సింహ గారు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

మేడం నన్నడిగారు. ఏదో అన్నట్టున్నారు మేడం, రంపం చప్పుడులో సరిగ్గా వినపడలేదు అన్నాను.

రంపం చప్పుడు ఉంది. ఎముక కోసేటప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అది అందరికీ తెలిసిందే.

మే 10

ఎంక్వయిరీ అయ్యేదాకా రావద్దని నర్సింహ గారికి చెప్పారు. ఆయన కాంట్రాక్టు మనిషి. హాస్పిటల్ ఉన్న ఈ కోకాపేటలోనే పుట్టారు. ఈ హాస్పిటల్ పునాది తవ్వినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నారు, ముందు వాచ్‌మన్‌గా, తర్వాత కోర్సు చదువుకుని టెక్నీషియన్‌గా. లాకర్ ఖాళీ చేస్తూ నన్ను చూశారు. నేను తల తిప్పుకునేలోగా, "వస్త సిస్టర్" అన్నారు, రోజూ ఇంటికి వెళ్ళేటప్పుడు అన్నట్టే.

మే 11, ఆదివారం

రంపం చప్పుడు ఉంది.

మే 12

ఉదయం ఆరున్నరకే వచ్చాను. ట్రైనింగ్ రూములో గడువు తీరిన సిమెంటు డబ్బాలు రెండు ఉన్నాయి. ఒకటి నిన్నంతా ఓటీలో ఉంచమని పక్క షిఫ్టు సిస్టర్‌కి శనివారమే చెప్పాను. రెండోది స్టోరు బయట, ఏసీ లేని వరండా కిటికీ దగ్గర పెట్టించాను. థర్మామీటరు పెట్టి చూశాను. మొదటిది ఇరవై ఒకటి, రెండోది ముప్పై మూడు. గది చల్లగా ఉంటే చాలు, డబ్బా వేడి వల్ల పెద్ద తేడా రాదని తేల్చుకుందామనే వెళ్ళాను. ఇక్కడ నాకు నేను అబద్ధం రాసుకోవడం దేనికి?

మొదటిది పన్నెండు నిమిషాలకి గట్టిపడింది.

రెండోది మూడో నిమిషానికే గ్లౌజుకి అంటుకోవడం మానేసింది. ఆరు నిమిషాల ఇరవై సెకన్లకి రాయి. చెయ్యి మార్చుకోవాల్సినంత వేడెక్కింది.

ఇంకో సంగతి. కలిపే ముందు ఆ రెండో ప్యాకెట్టుని, ఆ రోజులాగే రెండు జతల గ్లౌజులు వేసుకుని పట్టుకున్నాను. చల్లగానే ఉన్నట్టు అనిపించింది.

సరే. రాస్తాను.

స్టోరులోంచి నాలుగు డబ్బాలు తెచ్చి ముందుగానే ఓటీ అలమరలో పెట్టడం నా పని. ఒక రోజంతా ఓటీ చల్లదనంలో ఉంటేనే సిమెంటు మాట వింటుంది. శనివారం నాలుగుంబావుకి రాయదుర్గం మెట్రోకి హాస్పిటల్ షటిల్ బస్సు ఉంది. అది తప్పితే ఇంకో నలభై నిమిషాలు. సోమవారం చూసుకుందాంలే అని వెళ్ళిపోయాను. మూసాపేటలో దిగి తాపీగా మామిడిపళ్ళు కూడా బేరం చేశాను.

సోమవారం నర్సింహ గారు డబ్బా పట్టుకుని నా పక్కకొచ్చారు. "సిస్టర్, స్టోర్‌ల ఏసీ బంద్ ఉండె. డబ్బలు వేడిగున్నయ్. పక్క ఓటీల అడిగి తేవాల్నా?" అన్నారు. రంపం అప్పటికే ఆగిపోయింది. ఎముక కడిగేశారు. సర్ చెయ్యి చాపి ఉన్నారు. ఆయన్ని రెండు నిమిషాలు ఆగమనడానికి నాకు నోరు రాలేదు.

"పర్లేదు, ఓపెన్ చెయ్యండి" అన్నాను.

ప్రతి మాటా విన్నాను.

మే 13

కేసులు అయ్యాక ఉదయ్ భాస్కర్ సర్ గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు. శనివారం షటిల్ దగ్గర మొదలుపెట్టి, రంపం చప్పుడు అని చెప్పిన అబద్ధం దాకా అన్నీ చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు ఆయన. అంతా అయ్యాక చాలాసేపు టేబుల్ మీద ఉన్న ప్లాస్టిక్ మోకాలి బొమ్మని వంచుతూ, చాపుతూ కూర్చున్నారు.

"నేనూ అడగలేదు ఉమాశ్రీ. ఓటీ ఎంత ఉందని రోజూ చూస్తాను. డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆగమంటే నేను కసురుకుంటానని అనుకున్నావా?"

అవునన్నాను.

"కసురుకునేవాణ్ణే," అన్నారు.

తర్వాత, ఆమెకి ఎముక మెత్తగా ఉందని చెప్పింది తనేనని, అది తనే సరిచెయ్యాలని, రేపు ఇద్దరం కలిసి వెళ్దామని అన్నారు. రత్నమాల మేడంకి మాత్రం నన్ను రాసి ఇమ్మన్నారు. అక్కడే కూర్చుని రాసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఉద్యోగం పోతుందా అని అడిగారు. పోవచ్చు అన్నాను. పోతే పోయిందిలే, అన్నం తిను అన్నారు. ఎనిమిది రోజుల తర్వాత ఆకలి తెలిసింది.

మే 14

సీతాబాయికి సర్ చెప్పారు, చాలా మామూలు మాటల్లో. సిమెంటు వేడి మీద ఉంది, అది మేము చూసుకోలేదు, తొందరగా గట్టిపడింది, దాన్ని తీసేటప్పుడు నీ ఎముకకి దెబ్బ తగిలింది, నీ ఎముకలో ఏ లోపమూ లేదు, ఇక దీనికయ్యే వైద్యమంతా మా బాధ్యత అన్నారు. నేను, డబ్బా వేడిగా ఉందని తెలిసీ నేనే తెరవమన్నానమ్మా అన్నాను.

ఆమె కోడలు అశ్విని అరుస్తుందనుకున్నాను. ఆ అమ్మాయి చేతిలోని గ్లాసు కింద పెట్టి అత్త వైపు చూసింది.

"మరి నా బొక్క మెత్తగున్నదని ఎందుకు చెప్పిన్రు సారు?" అని అడిగింది సీతాబాయి. "వారం రోజులాయె, నా పానం నేనే తిట్టుకుంటున్న. చిన్నప్పుడు మంచిగ తినకపోతినని."

సర్ తప్పయిందన్నారు. ఆమె గోడ వైపుకి తిరిగి పడుకుంది.

మే 15

మెమో ఇచ్చారు. మూడు నెలలు ఓటీలో అడుగు పెట్టకూడదు. వార్డు డ్యూటీ. ఉద్యోగం ఉంది.

నర్సింహ గారిని రమ్మని కబురు పంపారు. ఫోన్ కాకుండా నేనే వాళ్ళింటికి వెళ్ళాను, కోకాపేట పాత ఊళ్ళో, టవర్ల వెనక సందులో. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేశారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. నిలబడే చెప్పాను, మీరన్న ప్రతి మాటా విన్నాను, మేడం ముందు అబద్ధం ఆడాను అని. ఆయన నేల చూస్తూ విన్నారు.

"నాకెరుకే సిస్టర్. మీరు జవాబు గూడ ఇచ్చిన్రు గద. వినపడనోళ్ళు జవాబియ్యరు."

క్షమించమన్నాను. ఆయన ఒక్కటే అడిగారు. నోటిమాట కాదు, తను చెప్పినట్టు, నేను విన్నట్టు కాగితం మీద రాసి ఫైలులో పెట్టించమన్నారు. ఇప్పటికే పెట్టించాను, కాపీ కూడా తెచ్చాను అని ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నాక, మజ్జిగ తాగున్రి, వేడైతది అన్నారు.

మే 16

వార్డులో మొదటి రోజు. సీతాబాయి బెడ్ నా వైపే పడింది. మందులిస్తే తీసుకుంటుంది. మాట్లాడదు.

మే 17

ఈ రోజూ మాట్లాడలేదు. కాలు అరవై డిగ్రీలు వంగుతోంది. మామూలుగా ఈపాటికి తొంభై రావాలి.

మే 18

మధ్యాహ్నం బాత్రూముకి వెళ్ళాలని తనే పిలిచింది. వాకర్ అందిస్తే ఒక చేత్తో వాకర్, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుంది. బాగా గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టేలా. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాక అంది:

"పట్టుచీర ఇస్త్రీకి వస్తె, నేను పెట్టె డైరెక్టు పెట్టను బిడ్డా. ముందుగాల పాత గుడ్డ మీద పెట్టి చూస్త, ఎంత కాలిందని. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, ఇప్పటికి గూడ చూస్త. మీరు ఇంత సదువుకొని చూడకపోతిరా?"

"చూడలేదమ్మా," అన్నాను.

"చూడాలె," అంది. మళ్ళీ కాసేపటికి, "ఇగ నడుద్దాం పా, ఇంకోసారి," అంది.

కారిడార్ చివరి కిటికీ దాకా నడిచాం. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తుంది. తెల్లాపూర్ ఎటువైపని అడిగింది. చూపించాను. ఇంత దగ్గరనా అంది.

మే 20

డిశ్చార్జి. డెబ్బై ఐదు డిగ్రీలు. మా ఫిజియోథెరపిస్టు వారానికి మూడుసార్లు ఆమె ఇంటికే వెళ్ళేట్టు సర్ ఏర్పాటు చేశారు. ఆదివారాలు నేను వెళ్తానన్నాను. వద్దంటుందనుకున్నాను. ఇంటి గుర్తులు చెప్పింది.

మే 29

స్టోరులోనూ, సిమెంటు అలమరలోనూ థర్మామీటర్లు పెట్టారు. సిమెంటు తెరిచే ముందు గది ఎంత, డబ్బా ఎంత అన్నది గట్టిగా చదవాలి. చదవకపోతే సర్జన్ చెయ్యి చాపకూడదు. ఆ చివరి వాక్యం ఉదయ్ భాస్కర్ సర్ తన చేత్తో రాశారట. రోజూ చదివేది నర్సింహ గారు.

జూన్ 8, ఆదివారం

తెల్లాపూర్ వెళ్ళాను. మోకాలు ఎనభై ఎనిమిది డిగ్రీలు వంగుతోంది. బండి దగ్గర అశ్విని నిలబడుతోంది. కమ్యూనిటీలో వాళ్ళు జాగా ఎవరికీ ఇవ్వలేదు. సీతాబాయి బండి పక్కన కుర్చీ వేసుకుని మడతలు సరిచేస్తూ కోడలికి సలహాలిస్తోంది. ఆ అమ్మాయి నా వైపు చూసి, అత్తని తొందరగా నడిపించమని మొక్కినట్టు చేతులు జోడించింది. ముగ్గురం నవ్వాం.

జూన్ 23

ఎక్స్‌రేలో చిట్లిన అంచు అతుక్కుంది. సర్ నాకు కూడా చూపించారు. నూట ఐదు డిగ్రీలు. ఇంకో రెండు వారాల తర్వాత పూర్తి బరువు వెయ్యొచ్చన్నారు.

సీతాబాయి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఎడమది కూడా మారుస్తారా అని అడిగింది. సర్ చేతిలోని ఎక్స్‌రే కింద పెట్టారు. మా దగ్గరే చేయించుకుంటావా అమ్మా అన్నారు.

"వేరే దవాఖానకు పోతె మల్ల కొత్తగ నేర్పియ్యాలె. మీరైతె ఇప్పుడు చూసి చేస్తరు," అంది. "గని ఎండకాలం కాదు సారు. చలికాలంల."

ఆగస్టు 18

ఓటీలోకి మళ్ళీ వచ్చాను. నర్సింహ గారు అలమర తాళం చేతికిచ్చారు. అంతే. అది చాలు.

డిసెంబర్ 8

వారం రోజులుగా చలి. ఓటీ పద్దెనిమిది డిగ్రీలు, సిమెంటు డబ్బా పద్దెనిమిది. నర్సింహ గారు చదివారు. నేను మళ్ళీ చదివాను. టేబుల్ మీద సీతాబాయి ఎడమ మోకాలు.

ఈసారి భయం వేరు. చలిలో సిమెంటు గట్టిపడదు, పడదు, పడదు. ప్లేటు దిగింది, తొడుగు పూర్తిగా దిగింది, సర్ కాలు చాపి నొక్కి పట్టుకున్నారు. పన్నెండు నిమిషాలయ్యాయి. తర్వాతి కేసు బయట సిద్ధంగా ఉంది. సర్ కాలు వంచి చూద్దామని చెయ్యి తీయబోయారు.

"ఇంకా కాలేదు సర్," అన్నాను.

"పన్నెండు దాటింది."

"ముద్ద ఇంకా వేలికి లొంగుతోంది సర్. ఇప్పుడు కదిపితే తొడుగు కదులుతుంది. ఆగాలి."

సర్ చెయ్యి అక్కడే ఉంచారు. పదమూడు. పద్నాలుగు. ఆయన నుదుటి మీద చెమట పడితే పక్క సిస్టర్ తుడిచింది. ఎవరూ కసురుకోలేదు. "చలికి దానిక్కూడ జర బద్ధకం సార్," అన్నారు నర్సింహ గారు మెల్లగా. పదిహేను. పదహారు నిమిషాల పది సెకన్లకి ముద్దని ట్రేకి కొట్టాను. టక్కుమంది.

"అయింది సర్."

సర్ కాలు వంచారు. చాపారు. వంచారు. తొడుగు వెంట్రుకవాసి కదల్లేదు. "థాంక్యూ ఉమాశ్రీ," అని కుట్లు వెయ్యడం మొదలుపెట్టారు.

డిసెంబర్ 9

డ్యూటీ ముగిశాక సాయంత్రం వార్డుకి వెళ్ళాను. సీతాబాయి అప్పటికే మంచం అంచున కూర్చుని ఉంది. ఫిజియో రేపు నడిపిస్తానని వెళ్ళిపోయాడట. ఈ రోజే నడుస్తానంది. సర్‌కి ఫోన్ చేసి అడిగాను. నడిపించమన్నారు.

వాకర్ పట్టుకుని లేచింది. రెండు కాళ్ళ మీదా నిలబడింది. నేను పక్కన, ఆమె పడితే పట్టుకునేందుకు వీలుగా, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తున్నాను. తలుపు దాకా వెళ్ళాం. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కారిడార్‌లోకి తిరిగింది.

"జర జల్ది నడువు బిడ్డా," అంది నా వైపు చూడకుండానే. "నీ ఎంట వస్తుంటె తెల్లారేతట్టున్నది."

అడుగు పెంచాను.